కోటపువ్వు

పాత ముద్ర ఒకటి పట్టుగుడ్డలో చుట్టి తెచ్చారు పినబాబు గారు,
కారు రోడ్డుమీద ఆపి, దుమ్ములో నడిచి,
బుడితిలో మా కొలిమి ఎక్కడని ముగ్గురిని అడిగి.
"మా వంశపు పువ్వు. తామర. ఎనిమిది రేకులు.
బురదలో ఉన్నా బురద అంటనిది అని దాని అర్థం,"
అన్నారు, చెప్పులు దులుపుకుంటూ.
గేటుకి రెండు పలకలు పోయాలట.
పెళ్లి మాఘంలో.

ఎన్నేళ్ల చిలుమో.
తామరో, తట్టెడు మన్నో, ఏం తెలుస్తుంది?
చింతపండు నానబెట్టాను.
బూడిదతో, కొబ్బరిపీచుతో, చివరికి బొటనవేలితో
రాత్రంతా తోమాను.
ఇత్తడి ముందు పచ్చగా ఏడుస్తుంది, తర్వాతే మాట్లాడుతుంది.
మా మావ సూరప్పడి మాట అది.

ఒకటి. రెండు. మూడు.
నాలుగోది అంచు అరిగిపోయింది.
అయిదు.
ఆరో దానికోసం గోటితో గీకితే
చిలుమే రాలింది గానీ రేకు లేదు.
నడిమధ్య ఓ గుంట, లోతుగా,
అడుగున ఎర్రలక్క ఎండి నల్లబడ్డ గుర్తు.

తామరకి గొంతు నల్లగా ఉండదు.
తెల్లారకుండా లేచి గట్టుమీద నడిచేవాళ్లకి
ఆ పువ్వేదో ఎవరూ చెప్పనక్కర్లేదు.
లేతపసుపు, గొంతులో నెత్తుటి మరక,
మధ్యాహ్నానికి ముడుచుకునే సోమరి.
గోగుపువ్వు.

బురద అంటనిది కాదిది.
కోసి కట్టలు కట్టి నీళ్లలో తొక్కితే
రెండు వారాలు కుళ్లుతుంది, ఊరు ముక్కు మూసుకుంటుంది.
ఎముకలాంటి పుల్ల ఓ పక్క, జుట్టులాంటి నార ఓ పక్క
విడిపోయాకే
బండికో, మంచానికో, ఏనుగు కాలికో.

అత్తని లేపాను. చూపు లేదావిడకి, వేళ్లున్నాయి.
తడిమింది. నవ్వింది.
"ఒలె, ఇది ఆ గోగుదే.
మా అమ్మమ్మ సెప్పేది గదా.
వంశధార పొంగినేళ
మొదటి దొర గుర్రంతో పాటు కొట్టుకొస్తంటే
నార కడుగుతున్న ముసిల్ది
తడినార మూడు పేటలు పేనీసి ఇసిరిందట.
గుర్రం పోనాది. దొర ఒడ్డున పడ్డాడు.
ఏటి కావాలే అనడిగితే
ఏటీ ఒద్దు బాబూ, నా నార కట్ట ఒకటి ఏట్లో పోనాది,
దాని ఖరీదిచ్చీ, అందట."

ఇచ్చాడా?
"పువ్వుని ముద్రలో ఎట్టుకున్నాడు."

కొలిమి పక్కన పిల్లి కదిలింది.
అత్త మళ్లీ తడిమింది. ఈసారి నవ్వలేదు.
"మా తలుపు మీద కూడా పూసిందే ఇది.
శిస్తు కట్టనేదని, గొళ్లానికి లక్క పోసి
దీన్నే ఒత్తీసి ఎల్లిపోనాడు అమీను.
నాకప్పుడు ఆరేళ్లు. నా బొమ్మ లోపలుండిపోనాది,
ఉట్టిమీద సల్దన్నం కూడా.
మూడ్రోజులు వాకిట్లో పడుకుని పువ్వునే సూసినాం.
ఆకలిమీదున్నోళ్లకి అయిదు రేకులు
అయిదేళ్లలాగే ఉంటాయి."

పొద్దున్న ఫోన్ చేశాను.
బాబూ, రేకులు అయిదేనండి. తామర కాదండి, గోగు.
కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మెల్లగా,
"గోగంటే... పచ్చడి చేసుకునేదా?"
ఆ జాతేనండి.
"అసిరమ్మా, కార్డులు అచ్చైపోయాయి.
ఎనిమిదే పొయ్యండి."

మైనం వేడిచేశాను.
ఎనిమిదీ ఎత్తాను, కోటలో పుట్టినట్టే కుదిరాయి.
పుట్టమన్ను పొర, ఊక పొర, పేడ పొర.
మైనం కరిగి కారిపోయింది,
ఆ ఖాళీలోకి ఇత్తడి వెళ్లింది.
మా దగ్గర ఏ పువ్వైనా ఇలాగే,
ముందున్నది కాలిపోతేనే.

బిల్లు రాశాను.
పలకలు రెండు, తొమ్మిది కిలోల చిల్లర.
మెరుగు కూలి వేరే.
పలకకి మూడు రేకుల చొప్పున అదనం.
ఆ కింద, అత్త చెప్పి రాయిస్తే,
నార కట్ట ఒకటి, పాత బాకీ.
దాని ఎదుట ఖరీదు గడి
ఖాళీగా వదిలాను.