ఆరో ట్రిప్పు

మున్సిపాలిటీ ఆయన చూపిచ్చిన జాగల
మొన్ననే ఎవరో కడీలు పాతిండ్రు.
కుంటల పొయ్యనియ్యరు. పొయ్యొద్దు గూడ,
వానొస్తె నీళ్లేడ పండుకోవాలె?

ఇగ మిగిలింది జడ్చర్ల అవతల పాత కంకర గుంత.
క్రషర్ మూతబడి ఏండ్లాయె.
అంచుకు ట్రాలీ ఆన్చి జాకీ లేపుతుంటె
ఇంజను దగ్గుతది,
కుర్మయ్య ముంగటెక్కి నిలబడ్తడు
బండి మూతి లేవకుండ.

పెచ్చులు, బాత్రూము నీలం టైల్సు,
ఒక స్లాబు ముక్కకు ఫ్యాను కొక్కెం అట్లనే ఉంది
ఇంకా దేన్నో మోస్తున్నట్టు.
మన్యమ్మ సుత్తె పట్టుకొని కింద కాసుకోని ఉంటది.
"కొక్కెం నాది" అంటది పైకి జూడకుండనే.
చువ్వ కిలో ఇరవై ఎనిమిది.
సిమెంటుకు ధర లేదు, కొన్ననాడు తప్ప.

ఆరో ట్రిప్పుల దొరికింది:
నాలుగు కుక్క అడుగులు
పచ్చి స్లాబు మీద నడిచి గట్టిపడ్డయి.
ఆ కుక్కను తిట్టింది నేనే.
అప్పుడు నెత్తిన తట్ట, దినానికి రెండొందల యాభై.
ఇప్పుడు రోడ్డు వెడల్పుల ఆ ఇల్లు సగం పోతే
ట్రిప్పుకు ఆరొందలు, డీజిలు నాదే.

ఈ కంకర ఈ గుట్టదే కావొచ్చు.
ఇంటికొచ్చిందనుకుందామంటె
గుంత నిండుతది గని గుట్ట లేవదు.

"పోస్తవా పొయ్యవా?" మన్యమ్మ అరిసింది.
అన్నీ పోసిన. అదొక్కటి పొయ్యలె.
ఎనక టైరుకు అడ్డం పెట్టే రాయి ఎప్పుడూ జారుతది,
ఇది జారలె.
కుర్మయ్య వొంగి అడుగులు జూసి
"నక్కదేమో" అన్నడు.
కాదు, సగం తోక నల్ల కుక్క, అన్న.