బ్లాకులో మిగిలినది

బాలానగర్‌లో నర్సాపూర్ చౌరస్తా దాటాక మూడో సందులో షెడ్డు.
రేకుల మీద వాన మొదలైతే
అంకెలు పైకి చదువుకోవాలి,
మనసులో చదివితే నాకే వినబడవు.
బల్ల మీద రెండు ఫైళ్లు.
పచ్చ అట్టది కంపెనీ చట్టానికి,
మట్టిరంగుది ఆదాయప్పన్నుకి.
మిషన్ ఒక్కటే. దాని వయసులు రెండు.

కొత్త సీఎన్‌సీ పన్నెండు లక్షలు.
పచ్చ ఫైలు దాన్ని మర్యాదగా ముసలిదాన్ని చేస్తుంది.
చివర్లో తుక్కు కింద అరవై వేలు పక్కన పెట్టి
మిగతాది పదిహేనేళ్లకి పంచి
ఏడాదికి డెబ్భై ఆరు వేలు,
ఇంటద్దె కట్టినట్టు.
మట్టిరంగు దానికి అంత ఓపిక లేదు.
ముందే పెద్ద ముద్ద కొరుకుతుంది,
ఆపైన ఉన్నదాంట్లో పదిహేను శాతం,
ఆ ఉన్నదాంట్లో మళ్లీ పదిహేను,
రానురానూ ఎలుక కొరికినంత.

"నవంబర్ ఇరవైన కదా సాబ్ దింపింది,
నూట ఎనభై రోజులు నిండలేదు.
మొదటి ఏడు సగమే వస్తుంది."
జహీరుద్దీన్ సాబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"నిమజ్జనం మర్నాడే తెస్తనన్నడు లారీవాడు."
పోయిన ఆ తొంభై వేలకి
పది నెలలైనా వాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

ఆర్డర్లు ముంచుకొచ్చి రెండు షిఫ్టులు నడిస్తే
పచ్చ ఫైలు ఒకటిన్నర రెట్లు అరగదీస్తుంది.
మట్టిరంగు దానికి రాత్రీ పగలూ తెలియవు.
రెండింటికీ నడుమ తేడాని
వాయిదా పన్ను అని రాసి గీత గీస్తాను.
చాలా ఇళ్లల్లోనూ అంతే,
తేడా పోదు, దానికొక పేరు పెడతారు.

వాన తెరిపిచ్చాక మొగులయ్య వచ్చాడు
దూది వేస్టుతో వేళ్ల సందులు తుడుచుకుంటూ.
"మేడం, పాత లేతుది రాసిన్రా?"
పాత లేతు ఎక్కడుంది మొగులయ్యా,
పన్నెండేళ్ల కింద రాణిగంజ్ తుక్కు కొట్టుకి
ముప్పై వేలకి తూకం వేశాం.
పచ్చ ఫైల్లో దానిది ఒకటే వరస,
అమ్మకంపై నష్టం, కింద రెండు గీతలు, అయిపోయింది.

కానీ అబద్ధం ఆడలేకపోయాను.
మట్టిరంగు ఫైల్లో మిషన్లకి పేర్లుండవు,
అన్నీ కలిపి ఒక బ్లాకు.
అమ్మినా, వచ్చిన డబ్బు మాత్రమే తీసేస్తాం,
మిగిలింది పప్పులో ఉప్పులా అందులోనే ఉంటుంది,
వేరుచేసి చూపలేం.

"ఎంతుంటది ఇప్పుడు?"

చట్టం అడగని లెక్క.
పాత బిల్లు వెనక వేశాను.
రెండువేల ఆరులో నాలుగు లక్షలు,
ఏడేళ్లకి లక్షా ఇరవై ఎనిమిది వేల చిల్లర,
అందులో రాణిగంజ్ ముప్పై వేలు పోను
అక్కణ్ణించి పన్నెండు మార్చిలు కిందికి దిగి
పదమూడు వేల తొమ్మిది వందల డెబ్భై మూడు.

"సున్న ఎప్పుడైతది?"
కాదు.
మిగిలినదాంట్లోంచే తీస్తాం కదా,
పైసలవుతుంది, పైసలో వంతవుతుంది,
సున్న మాత్రం కాదు.

అతను కాసేపు ఏమీ అనలేదు.
బొటనవేలి గోరు వంకరగా మొలిచిన చోట
ఇంకో వేలితో రుద్దుకున్నాడు.
పని నేర్చిన మొదటి నెలలో
ఆ లేతు చక్ కిందే నలిగిందట.
"మూడో గేరుల పెడితే గర్రుమంటుండె మేడం.
నూనె పోసినా గంతే.
గది గుడ రాస్కోన్రి."

నవ్వాను. అతను నవ్వలేదు.
లోపల కొత్త మిషన్ చప్పుడు లేకుండా
ఇనుముని చుట్టలు చుట్టలుగా వలుస్తోంది.
అతను దాని దగ్గరికి వెళ్లిపోయాడు.

మట్టిరంగు ఫైలు అంచున పెన్సిల్‌తో రాశాను,
మూడో గేరు, గర్రు.
సోమవారం ఆడిటర్ నరహరి గారు వస్తారు.
ఇది ఏ ఖాతా అమ్మా అని అడుగుతారు.