మేకు లేని పడవ

ముప్పై రెండు అంతస్తులు. ఏ కిటికీ తీసినా సముద్రమే.
సముద్రం ఒక్కటే చాలదన్నారు,
చరిత్ర కూడా కనపడాలన్నారు.

సరే, తొట్లకొండ స్తూపం గుండ్రాన్ని
క్లబ్‌హౌసు కప్పుగా గీశాను.
భిక్షువులు వాననీళ్లు దాచుకున్న రాతి తొట్లు
పదహారో అంతస్తులో ఈతకొలనులయ్యాయి.
భీమిలి డచ్చి గోరీల మొనలు
పార్కింగు దారిలో దీపస్తంభాలు.
అవి దేని ఆకారమని
ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

లాబీలోకి మాత్రం అసలుదే కావాలట.
పెదజాలరిపేటంతా తిరిగితే
కుట్టుపడవ తెలిసినవాడు గనగళ్ల దానయ్య ఒక్కడు దొరికాడు.
ప్లాను తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.
"ఇంట్లోకి నీరొస్తాదేటి బాబూ?"
"రాదు తాతా, పైనుంచి వేలాడదీస్తాం."
"మరైతే ఎండి నెర్రిలిచ్చేత్తాది గదా."

నలభై రోజులు సెల్లారులో కూర్చుని కుట్టాడు.
పలకకీ పలకకీ నడుమ ఎండుగడ్డి,
దాని మీద కొబ్బరిపీచు తాడు,
కాలితో తన్నిపట్టి, పంటితో బిగించిన ముడి.
ఇనపమేకు ఒక్కటీ లేదు.
ఎందుకని అడిగితే తాడు వదలకుండానే చెప్పాడు:
"అల కొట్టినప్పుడు పడవ ఒంగాల. మేకు ఒంగనీదు.
ఒంగందాన్ని సంద్రం ఇరిసేత్తాది."
పైన ఇరవై ఏడో స్లాబుకి
కాంక్రీటు పోస్తున్న చప్పుడు.

గుగ్గిలం వాసనని ఫిర్యాదొచ్చింది.
మల్లెల స్ప్రే కొట్టారు. రెండూ కలిసి
ఎవరిదో పెళ్లి, ఎవరిదో చావు ఒకే పందిట్లో జరిగినట్టుంది.

ప్రారంభం నాడు దానయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు.
గేటు పాసులో అతని పేరు పక్కన
'మెటీరియల్' అని రాసి ఉంది.
లోపలికొచ్చి తలెత్తి, పడవని కాదు,
పడవ ముక్కు ఎటుందో చూశాడు.
"మొకం ఇటెట్టారేటి? సంద్రం అటు గదా ఉంది."
ఫొటోల్లో గుమ్మంవైపు బాగుంటుందని అటు తిప్పించాం.
ఆ మాట చెప్పలేక
కాఫీ తాగుతావా తాతా అన్నాను.

నిన్న లోపాల జాబితా వచ్చింది.
తొమ్మిదో అంతస్తు బాల్కనీలో జానెడు బీట.
రెండో లిఫ్టు తలుపు రాసుకుంటోంది.
ఈతకొలను అడుగున పాకుడు.
చివరి వరస, వాచ్‌మన్ గుండ్రటి చేతిరాత:
లాబీ పడవ తూర్పుకి బెత్తెడు తిరిగింది.
పక్కనే పెన్సిలుతో ఎవరో:
ఏసీ గాలి. సరిచేయాలి.

అన్నింటి కిందా సంతకం పెట్టాను.
ఆ ఒక్క వరస కింద
ఇంకా పెట్టలేదు.