నూటికి ఒకటి

గాజువాకలో మెడికల్ షాపు పైన గేమింగ్ సెంటరు.
ఫైనల్స్.
కరెంటు పోతే బాగుణ్ణని ఒక్కసారి కూడా అనుకోలేదు,
ఆర్నెల్లుగా కాయలు కాసిన బొటనవేళ్ళు నావి.
మైలపల్లి ధనుంజయ చివరి దెబ్బ
తగిలే వీలు నూటికి ఒకటి.

తగిలింది.

"ఇది ఆటా, లాటరీనా?
పాచిక పక్కన పెట్టి రా, చూసుకుందాం!"
అరిచాను.
వాడు హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని
"ఏటి గురూ, ఆ ఒక్కటి తగిలీదాక
నన్నెందుకు బతకనిచ్చేవు?" అన్నాడు.

కింద స్టీల్‌ప్లాంట్ షిఫ్టు బస్సులు పోతున్నాయి.
చేతిలో టీ తొరక కట్టింది.

పొద్దున సెమీస్‌లో
హిమజ తొంభై శాతం గురి
రెండుసార్లు నన్ను దాటుకుని గోడకి తగిలింది.
అప్పుడెవరూ లాటరీ అనలేదు.
నేనైతే
కాలర్ కూడా సర్దుకున్నాను.