మూడు మిల్లీమీటర్లు

పొద్దున ఎనిమిదిన్నరకు తహసీల్ ఆఫీసు ఎనక
వానమాపకం మూత తీస్త.
మిడ్జిల్ మండలం. నిన్నటి వాన: సున్న.
పద్నాలుగేండ్ల సంది ఇదే నా కొలువు.
కొలువంటే నౌకరి,
కొలువంటే కొలువుమని చెప్పుడు గూడ.

పోయిన ఎండకాలం గాజుగొట్టం మీద
ఒక్కొక్క గీత రెండుగ కనవడ్డది.
గొట్టంల తప్పనుకొని తుడిచిన.
అద్దాలు తుడిచిన.
ఇగ తుడవనీకి ఏం మిగలక
కండ్లు నులుముకున్న.
లోపల ఎవరో కంకర జల్లెడ పడుతున్నట్టే ఉండె.

పంటల లెక్కలు కంప్యూటర్ల ఎక్కిస్తుంటె
సర్వే నంబర్ల ఎంబడి పొయ్యి పొయ్యి
రెప్ప కొట్టుడు మరిచేదాన్ని.
సాయంత్రానికి చూపు
సున్నం కొట్టిన గోడ.

తమాషా ఏందంటే, ఎండిన కండ్లే కారుతయి.
జడ్చర్ల బస్సుల కిటికీ పక్క కూసుంటె
గాలికి బొటబొట కారినయి.
కండక్టర్ పార్వతమ్మ మిషన్ ఆపి
"ఎవరు పోయిండ్రక్కా?" అన్నది.
ఎవరూ పోలేదన్న. నమ్మలె.
జీరో టికెట్ అరచేతుల పెట్టి
నా వేళ్లు మూసి
కొంచెం సేపు అట్లనే పట్టుకున్నది.

పాలమూరు కండ్ల దవాఖానల డాక్టర్ తబస్సుమ్
సన్నటి కాగితం పట్టీ తీసి
కింది రెప్ప అంచుకు తగిలిచ్చింది.
"మూసుకోండి. అయిదు నిమిషాలు."
చీకట్ల కూసుండి ఎదురుచూసిన,
ఆకాశం దిక్కు చూసే రైతు లెక్క,
నా లోపలి దిక్కు.

"మూడు మిల్లీమీటర్లు" అన్నది.
అలవాటు కొద్ది అడిగిన: "సాధారణం ఎంత?"
"పది దాటాలె."
డెబ్బై శాతం లోటు.
మా పట్టికల దానికి పేరున్నది: తీవ్ర లోటు.
నా ముఖం మీద
ఎవరూ రిపోర్టు చెయ్యని రెండు మండలాలు.

మందుచీటి ఎనక ఆమె బొమ్మ గీసింది.
కన్నీరంటే ఒట్టి నీళ్లు గాదంట.
అడుగున జిగురు, నడుమ నీళ్లు,
పైన గాలికి అడ్డం నూనె పొర.
నా రెప్పల అంచున నూనె గడ్డగట్టి
దారులు మూసుకపోయినయి.
కాపలా లేని నీళ్లు ఎగిరిపోతున్నయి.
మంటకు కన్ను కంగారుపడి
ఒక్కసారే గుమ్మరిస్తది,
అది నిలువది, అన్నది.

గప్పుడు అర్థమయింది.
ఒక్క రాత్రి దంచి వాగులకు పోయిన వానను
నేను అరవై రెండని రాస్త.
బోర్లకు ఆ సంగతి తెల్వదు.

"నయమైతదా మేడం?"
"నయమంటే కాదు. నడిపిచ్చుకోవాలె."

ఇప్పుడు రిజిస్టర్ తెరిచేముందు
వేడినీళ్ల గుడ్డ పిండి రెప్పల మీదేసుకుంట,
పది నిమిషాలు, గడ్డ కరిగెదాక.
ఎనుకసిరి వేలుకొసతోటి అంచులు ఒత్తుకుంట,
పసిపిల్ల ముక్కు ఒత్తినంత మెల్లగ.
ఫ్యాను మొకాన్ని గోడదిక్కు తిప్పిన.
కంప్యూటర్ కిందున్న పాత ఓటర్ల జాబితాలు గుంజేస్తె
తెర జానెడు దిగింది,
దాంతోని చూపు దిగి, రెప్ప సగం వాలింది.
చిటికెడంత గొట్టాలల్ల చుక్కల మందు,
రోజుకు నాలుగుసార్లు,
బాగున్నరోజు గూడ.

అటెండర్ బాల్‌కిష్టయ్యకు ఒక పని అప్పజెప్పిన:
తలుపు కాడికి వచ్చినప్పుడల్ల "రెప్ప" అనాలె.
ఆయనకు సిగ్గు. అనలేక దగ్గుతడు.
ఇప్పుడాయనకు నిజంగ దగ్గొచ్చినా
నా రెప్ప పడుతది.

పార్వతమ్మ ఇంకా అడుగుతది,
దుఃఖం తగ్గిందా అక్కా అని.
తగ్గిందంటున్న.
నూనె పొర గురించి చెప్పి
ఆమె చెయ్యిని పోగొట్టుకోబుద్ధి కాలె.

మొన్న మల్ల కాగితం పెట్టిండ్రు. ఆరు.
లోటే.

రాత్రి నాలుగు చినుకులు పడ్డయి.
పొద్దున గొట్టం ఎత్తి చూసిన.
గీత ఒక్కటే ఉన్నది.
నాలుగు పాయింట్ రెండు.
రాసిన.
రెప్ప కొట్టి మల్ల చూసిన.
అంతే ఉన్నది.