ఇనుప కొంగ, ముప్పై ఎనిమిదో సంచిక

ముప్పై ఏడో సంచిక చివరి బొమ్మలో
వంతెన విరిగింది.
ఇనుప కొంగ రెక్కలు విప్పి
పడిపోతున్న ట్రామును రెండు చేతులా పట్టుకున్నాడు.
కింద చీమల్లాంటి అక్షరాల్లో: తరువాయి వచ్చే నెల.

ఆ వచ్చే నెల రాలేదు.
ప్రెస్సు మూతబడింది. కాగితం కరువో, అప్పులో.
ఓస్త్రావాలో ఆ ఏడాది మూతబడనిదేముంది?
ఉక్కు కొలిమి కూడా ఆరిపోయింది.
కొంగ మాత్రం గాల్లోనే ఉండిపోయాడు,
ఇరవై ఆరేళ్ళుగా, ట్రాము మోస్తూ.
దొంగజపం చేసే జాతి కాదు వాడిది.

నేను ఎనిమిదో నంబరు ట్రాము నడుపుతాను.
లైను చివర పద్నాలుగు నిమిషాల విరామం.
కొందరు సిగరెట్టు వెలిగిస్తారు,
బోహుమిల్ నిలబడే కునుకు తీస్తాడు.
నేను పాత డ్యూటీ చార్టుల వెనక రాస్తాను.
నాది కాని నగరం, నావాడు కాని వీరుడు,
అరువు తెచ్చుకున్న రెక్కలు.
ఎవరైనా తొంగి చూస్తే, లెక్కలు అంటాను.

ఆ బొమ్మలో కిటికీలకి ఏడు తలలు,
ముఖాల్లేని సిరా చుక్కలు.
చలికాలానికొకరి చొప్పున పేర్లు పెట్టాను.
మూడో కిటికీలో ద్రహోమీరా, పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరింది,
ట్రాము కూలితే పన్ను పీకించుకోనక్కర్లేదని
లోలోపల ఓ చిన్న సంతోషం.
ఐదో కిటికీ ముసలాయన ఒడిలో ఉల్లిపాయల సంచి.
ఒకటి జారి కొంగ ముక్కు మీద పడుతుంది.
మొత్తంలో నాకిష్టమైన చోటు అదే.
ఆఖరికి విలన్‌నీ వదల్లేదు:
గాజుకన్ను దొర వెనక సీట్లో, టికెట్టు లేకుండా.

డ్రైవరు గది మాత్రం ఖాళీ.
బొమ్మ గీసినాయన మరిచిపోయాడు.
మొదట అందులో నన్నే కూర్చోబెట్టుకున్నాను,
పదేళ్ళు చిన్నగా, కాస్త పొడుగ్గా.
ప్రయాణికులు మరిచిపోయిన వస్తువుల గదిలో క్వేతా,
నాకున్న ఒకే ఒక్క పాఠకురాలు,
గొడుగులకు చీటీలు రాసే ఎర్ర పెన్సిలుతో
నన్ను అడ్డంగా కొట్టేసింది.
"నీ సోకు చూడ్డానికా నేను చదివేది?"

నూట పన్నెండు పేజీలయినా ట్రాము నేల దిగలేదు.
పడమటి గాలి మీదే నాలుగు పేజీలు.
దించితే అందరూ దిగిపోతారు.
దిగినవాళ్ళు వెనక్కి చూడరు.
రోజూ చూసేదేగా.

మొన్న క్వేతా మనవడు హినెక్,
లెక్కల పుస్తకంలోంచి చింపిన కాగితం చేతిలో పెట్టి పారిపోయాడు.
వాడి ముప్పై ఎనిమిదో సంచిక. మొత్తం ఆరు వాక్యాలు.
కొంగ చేతులు వణుకుతున్నాయి.
కొంగ అన్నాడు: నా వల్ల కావడం లేదు, కాస్త బరువు తగ్గించండి.
తలుపు తెరుచుకుంది.
ఒక్కొక్కరే వాడి రెక్క మీదుగా
గ్యాసు ట్యాంకు కప్పు మీదికి నడిచారు.
తర్వాత వాడూ కూర్చున్నాడు.
అయిపోయింది.

ముందు ఒళ్ళు మండింది.
ద్రహోమీరా ఏది? ఉల్లిపాయ ఏది?
రెండు ముక్కల్లో మూడు అక్షరదోషాలు!
తిరుగు దారిలో ఒక స్టాపు దాటించేశాను,
గంట కొట్టి తిట్టారు.
చెవిలో అదొక్కటే మాట, నా వల్ల కావడం లేదు.
ఇన్నేళ్ళలో వాడి నోట
ఒక్కసారీ ఆ మాట రానివ్వలేదు నేను.

ఇవాళ విరామంలో మళ్ళీ ఆ కాగితం తీశాను.
మూడో వాక్యం దగ్గర ఆగాను.
తలుపు తెరుచుకుందట.
ట్రాము తలుపు దానంతటది తెరుచుకోదు నాయనా.
ఎడమ చేతి కింద పచ్చ మీట ఉంటుంది.
చలికి బిగుసుకుపోతుంది, అరచేత్తో కొట్టాలి,
ఒక్కోసారి రెండు దెబ్బలు.

పెన్సిలు చెక్కుకున్నాను.
ఇంకా ఆరు నిమిషాలుంది.