ధర్మకాంట

కాటేదాన్‌ల మా కాంట మీదికి బండి రెండుసార్లు ఎక్కుతది.
నిండుగ ఒకసారి, ఖాళీగ ఒకసారి.
నిండుదాంట్ల ఖాళీది తీసేస్తే సరుకు.
ఆరేండ్లాయె, నాకు తెలిసిన లెక్క ఇదొక్కటే.

నిన్న పొద్దుగూకే యాళ్లకు చెల్లె రవళి
ఆఫర్ లెటర్ పట్టుకొని సీదా కాంట కాడికే వచ్చింది.
ఏడాదికి మూడు లక్షల ముప్పై ఆరు వేలు.
రాయదుర్గంల అద్దాల బిల్డింగు, పదకొండో అంతస్తు.
చేతికొచ్చేది నెలకు ఇరవై నాలుగు వేల చిల్లర.
"బాండు కూడ ఉన్నదన్నా, రెండేండ్లు"
ఆ ముక్క మాత్రం మెల్లగ చెప్పింది.

స్లిప్పుబుక్కు ఎనక్కి తిప్పి రాసుడు షురూ చేసిన.
కాలేజీ ఫీజు ఏడాదికి తొంభై అయిదు వేలు,
అండ్ల సర్కారు ఇచ్చేది ముప్పై అయిదు.
ఆఖరి ఏడుది రాలేదని సర్టిఫికెట్లు బీరువాల పెట్టి
మాతోనే కట్టించుకున్నరు, అది కూడ రాసిన.
ఇబ్రహీంపట్నం దాకా బస్సు, ఏటా ఇరవై ఎనిమిది.
లాప్‌టాప్, పద్దెనిమిది కిస్తులు, యాభై రెండు.
కాలేజీల చెప్పని జావా
అమీర్‌పేటల చెప్పినందుకు పదహారు.
ప్రాజెక్టు, కొన్నది, ఎనిమిది.
"అందరు కొన్నరు" అన్నది, నేను అడగకముందే.
ఇరవై నెలల చిట్టీ నాలుగో నెలకే ఎత్తుకున్నందుకు
అమ్మకు ఎంత పోయిందో, అడిగితే చెప్పలే.
ఆ గీత కాడ అంకె వెయ్యకుండ వదిలిపెట్టిన.

అది ఇడిస్తే నాలుగు లక్షల అరవై మూడు వేలు.
తిండి, కిరాయిల వాటా, రానుపోను ఖర్చు పోంగ
నెలకు పదమూడు మిగిలినా
మూడేండ్లకు గాని సున్నా కాడికి రాదు.

కాలేజీ గేటు మీద ఫ్లెక్సీల ఒక పిలగాడు నవ్వుతుండె,
నలభై నాలుగు లక్షల ప్యాకేజీ.
నాకు ఆ రోజే సమజ్ కావాల్సింది.
తడిపిన ఇసుక రోజు చూసేటోణ్ణి:
కాంట మీద టన్ను ఎక్కువ,
దించేకాడ నీళ్ల మడుగు.
పిలగాడు నిజమే, అబద్ధం కాదు.
ఫొటోల పట్టని ఆరువందల మందే ఇసుక.

కింద రెండు గీతలు కొట్టి, తూకం తెమిలిందనుకున్న.
తెమల్లే.
ఇది నిండు బండి లెక్కనే.
ఖాళీ తూకం ఏది?
చదువు ఎక్కియ్యకముందు రవళి ఎంత?
ఇంటరు కాంగనే పక్కింటి నస్రీన్ తోటి
బిస్కెట్ల ఫ్యాక్టరీకి ప్యాకింగుకు పోయుంటే
ఈపాటికి నాలుగేండ్ల జీతం, ఇంత నడుంనొప్పి.
నస్రీన్ ఇప్పుడు లైన్ మీద సూపర్‌వైజరు.
మొన్న స్కూటీ కొన్నది, రొక్కం కట్టి.
అట్లాంటి రవళిని ఏ కాంట ఎక్కియ్యాలె?
ఆ బండి అసలు బయలెల్లనే లేదు.

నేను పెన్ను కొరుక్కుంట కూసుంటే
ఆమె ఇనుప ప్లేటు మీద అటు ఇటు తిరుగుతున్నది.
ఎర్ర అంకెలు చూసిన: యాభై.
మా మిషన్‌కు పది కిలోల లోపు తేడా కానరాదు.
"ఆ ఫైలు కింద పెట్టి ఎక్కు" అన్న.
యాభై.
"పట్టుకొని ఎక్కు."
యాభై.
ఇగ ఇద్దరం ఒకటే నవ్వుడు,
చాయ్ తాగుతున్న క్లీనరు పిల్లగాడు
మమ్ముల వింతగ చూసిండు.

నవ్వుకుంటనే బుక్కు గుంజుకున్నది, పెన్ను గూడ.
మీదికెల్లి కిందిదాక చదివింది.
మళ్ల మీదికెల్లి చదివింది.
"నీ బీకాం ఏడ రాసినవ్?"

రెండో ఏడు పరీక్ష ఫీజు కట్టని సంగతి.
కాంట దాని బరువు అది చూపదు పిల్లా,
పొద్దుగాల తాళం తీసి ముందు సున్నా చేస్తం.
నోటిదాక వచ్చింది, అనలే.

బయట హారను. సిమెంటు బండి,
ఆగకుండ కొడుతున్నడు.
"దిగు, బండొచ్చింది" అన్న.

దిగింది.
పెన్ను మాత్రం ఇయ్యలే.